కాపిన డప్పుకూ చల్లారిన డప్పుకూ తేడా చెప్పిన స్పీకర్లు

మా ముత్తాత నేరేడుచర్ల చుట్టుపక్కల ఊళ్ళకు మాలీ పటేలు, శిస్తు లెక్క ఆయన చేతిలో ఉండేది. నిజాం కాలపు తహసీలుదారు గుర్రం దిగి మా అరుగు మీద కూర్చునేవాడే గాని, మా ముత్తాత ఆయన కచేరీ ముందు నిలబడి ఎదురుచూసినట్టు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మా తాత మిర్యాలగూడలో రైసు మిల్లు కట్టించాడు. కాలువ నీళ్ళు రాకముందే, వస్తాయన్న మాట నమ్మి కట్టించిన మిల్లు అది. నీళ్ళు వచ్చాక ఊరంతా మిల్లులే అయ్యాయి. మా నాయన దానికి రెండో యజమాని, మా ఇంటివాళ్ళలో ఆఖరి యజమాని కూడా. ఇప్పుడది మా మేనత్త కొడుకుది. వరసకు నాకు బావ.

నేను సూర్యాపేటలో ఒక మలిగీ కిరాయికి తీసుకుని పాటలు రికార్డు చేస్తాను. ఈ మాట చెప్పేటప్పుడు నేను గొంతు తగ్గించను. మా వాళ్ళు తగ్గిస్తారు. చుట్టాలకు నన్ను పరిచయం చేయాల్సి వస్తే "సౌండ్ లైన్ల ఉన్నడు" అని సగం మాట మింగేసి పప్పు వడ్డించమంటారు.

నా స్టూడియో మొదటి అంతస్తులో ఉంది. కింద పురుగుమందుల దుకాణం, పక్కన లేడీస్ టైలరు. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు ఇనుప షట్టరు. మా ఊళ్ళో స్టూడియోలన్నీ ఇలాంటి మలిగీల్లోనే ఉంటాయి. అందువల్ల మా ఊళ్ళో పాటకు ఒక పరీక్ష ఏర్పడింది. పాట పెట్టగానే షట్టరు గడగడమని అదరాలి. అదిరితే బేస్ బాగున్నట్టు, పాట చేయించుకునే పార్టీ లేచి డబ్బులిచ్చి పోతుంది. అదరకపోతే "ఇంకొంచెం పెంచన్నా" అంటారు. పెంచుతాం. ఆ పాట పెళ్ళి ఊరేగింపులో డీజే బండి మీదికి ఎక్కేసరికి డప్పు, డోలు, కీబోర్డు అన్నీ కలిసి ఒకే ముద్దగా మోగుతాయి. తప్పు డీజే వాడిదంటారు. డీజే వాడు జనరేటరుదంటాడు.

షట్టరు అబద్ధం చెబుతోందని అనుకున్నవాడు మా ఊళ్ళో నాకు తెలిసి ఎవరూ లేరు. నేను అనుకున్నాను. దానికి కారణం నా చదువు కాదు. చిన్నప్పుడు మా ఇల్లు మిల్లు గోడకు ఆనుకునే ఉండేది. రాత్రంతా నేల లోపలి నుంచి వచ్చే ఆ మోతలోనే నిద్రపోయేవాడిని. మిషన్లలో వడ్లు పడుతున్నాయా, ఉత్తగా తిరుగుతున్నాయా అన్నది పక్క మీది నుంచే చెప్పేవాడిని. చెవికి అందీ అందకుండా ఉండే ఆ అడుగు శబ్దంలో కూడా సన్నం, లావు ఉంటాయని నాకప్పుడే తెలుసు. మిల్లు అప్పుల్లో పోయింది. ఆ చెవి మాత్రం నాకు దక్కిన ఆస్తి. దాన్ని ఎవరూ జప్తు చేయలేకపోయారు.

షట్టరు మీద నాకు అనుమానం మొదలైన రోజుల్లోనే నడిగూడెం నుంచి ఒక టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది. సర్కారు బడిలో లెక్కలు చెబుతుంది, పాటలు రాస్తుంది, పాడుతుంది. ఆమె అన్నదమ్ములు డప్పు వాయిస్తారు. నాట్లు వేసే ఆడవాళ్ళ మీద ఒక పాట కట్టి కోదాడలో రెండు స్టూడియోల్లో రికార్డు చేయించిందట. ఆ రికార్డును ఫోన్లో కాకుండా నా స్పీకర్లలో పెట్టమంది. పెట్టాను. షట్టరు అదిరింది.

"ఇది డప్పా సార్, బర్రె బురదల పడ్డ సప్పుడా?" అంది.

నేను నవ్వలేదు. "మీకేం కావాలో చెప్పండి" అన్నాను.

"మా అన్నలు కొట్టిన డప్పు కావాలె. గంతే. ఇగ సూడుండ్రి, మా తాత మీ గడపల కొట్టిండట. మీ తాతకు మంచిగనే ఇనవడ్డదట. మీకు ఇనవడతదా లేదా, అది చెప్పుండ్రి."

ఆ మాటలో గుచ్చుడు ఉంది. అది ఆమె హక్కు కూడా. మా గడప ముందు ఆమె తాత నిలబడి వాయించాడు, కూర్చుని కాదు. ఆమె మాత్రం నా ఎదురుగా నా కుర్చీలోనే కూర్చుంది, నేను స్టూలు మీద ఉన్నాను. "వినబడుతుంది" అన్నాను.

"అయితే మాట. ఈ పాట మంచిగొస్తే మిగిలిన పాటలన్నీ మీ కాడ్నే. రాకపోతే హైదరాబాద్ పోత. మొహమాటం లేదు."

ఆమెవి చాలా పాటలున్నాయి. అవి వస్తే స్టూడియో నిలబడుతుంది. రాకపోతే ఏమవుతుందో కూడా నాకు స్పష్టంగా తెలుసు, ఎందుకంటే మా బావ అప్పటికే ఫోన్ చేసి చెప్పాడు.

"బామ్మర్దీ, ఎన్ని రోజులు ఆ డబ్బాల ముంగట కూసుంటవ్? మిల్లుల కాంటా కాడ నమ్మకమైన మనిషి కావాలె. వచ్చెయ్. ఏసీ గూడ పెట్టిస్త."

కాంటా అంటే లారీలను తూచే చోటు. మా తాత కట్టించిన మిల్లు గేటు పక్కన, అద్దాల గదిలో కూర్చుని, వచ్చే పోయే లారీల బరువు రాయడం. అంతకు ముందు రెండు పార్టీలు నా దగ్గర రికార్డింగు మానుకుని వెళ్ళాయి. టీచరమ్మ కూడా వెళ్ళిపోతే, మలిగీ తాళం ఓనరుకు ఇచ్చి ఆ అద్దాల గదిలోకి వెళ్ళక తప్పదు. ఆలోచించుకుంటానని బావతో అన్నాను. అప్పుడతను ఇంకో మాట అన్నాడు.

"మా బిడ్డ పెండ్లి కోదాడలనే కద. ఎదుర్కోలుకు డీజే పెట్టినం. నీ పాట ఒకటి పంపు, ఏపిస్త. మనోళ్ళందరు ఇంటరు. గాడ్నే తేలిపోతది నీ సంగతి."

"పంపిస్తాను" అన్నాను. టీచరమ్మకు ఈ సంగతి చెబితే ఆమె చప్పట్లు కొట్టినంత పని చేసింది. "కోదాడ నాకు దగ్గర్నే. నేను గూడ వస్త. డీజే మీద ఇన్నంకనే నా మాట చెప్త."

ఆమె అన్నదమ్ములు వచ్చిన రోజు కాంప్లెక్సు వెనక ఖాళీ స్థలంలో వరిగడ్డి మంట వేశారు. డప్పు వాయించేవాళ్ళు ముందు దాన్ని మంటకు కాపుతారు. తోలు బిగుస్తుంది, దెబ్బ ఖంగుమంటుంది. కాసేపటికి చల్లారి తోలు వదులైతే శబ్దం కిందికి జారుతుంది, మళ్ళీ కాపుకోవాలి. టైలరమ్మ పొగ వస్తోందని కిటికీలు మూసుకుంది. వాళ్ళు కాపుకుని పైకి వచ్చి వాయించారు, నేను రికార్డు చేశాను. తర్వాత వాళ్ళు చాయ్ తాగుతుంటే అలాగే ఆగమన్నాను. డప్పులు పూర్తిగా చల్లారాక అదే వరస మళ్ళీ వాయించమన్నాను.

"సల్లారినదాన్ని ఎవడన్న రికార్డు చేస్తడా?" అని పెద్దన్న కసిరాడు.

"నేను చేస్తాను."

"పైస దండుగ."

"కంప్యూటరు నాదే కదా."

గొణుక్కుంటూనే వాయించాడు. ఇప్పుడు నా దగ్గర ఒకే చేయి, ఒకే డప్పు, ఒకే గది నుంచి వచ్చిన రెండు ముక్కలున్నాయి. ఒకటి కాపినది, ఒకటి చల్లారినది. ఎదురుగా నిలబడి వింటే పసిపిల్లలు కూడా తేడా చెబుతారు. నా స్పీకర్లలో పెట్టి విన్నాను. పైన పుల్ల తాకే చప్పుడులో కొంచెం తేడా ఉంది. అడుగున మాత్రం రెండూ ఒకటే 'ధమ్'. షట్టరు రెంటికీ ఒకేలా అదిరింది.

నా స్పీకర్లు చిన్నవి. అడుగు శబ్దం వాటి నుంచి రానే రాదు. రానిదాన్ని నేను వింటున్నానని అనుకుని పెంచుతూ పోతున్నాను. పెంచినకొద్దీ అదిరేది షట్టరే. అంటే ఇన్నాళ్ళూ నేను మిక్సింగ్ చేసింది షట్టరుకు. పాటకు కాదు. ఇక మంచి మానిటర్ స్పీకర్లు కొనాలని తేల్చుకున్నాను. మానిటర్ స్పీకర్లంటే పాటను అందంగా వినిపించేవి కావు, ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్పేవి. ఏది కొనాలన్నదానికి కొలత కూడా నా జేబులోనే ఉంది. ఆ రెండు ముక్కల్నీ పెన్ డ్రైవ్‌లో వేసుకుని కోదాడ బస్సెక్కాను.

కోదాడలో ఆ దుకాణం హైవే పక్కన ఉంది. యజమాని ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. కరపత్రం మీద అంకెలు చూపించాడు. ఎంత కిందికి వెళ్తుందో, ఎంత పవరో. నేను కరపత్రం పక్కన పెట్టాను. ఆ అంకెలు వాళ్ళ గదిలో కొలిచినవి, నాది మలిగీ.

ముందు ఎనిమిది అంగుళాల జత ఒకటి పెట్టాడు. వాటికి వెనక అరచేయి పట్టేంత రంధ్రం ఉంది. పాట మొదలవగానే ఆ దుకాణం షట్టరు కూడా అదిరింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదిగోండి, ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి. గాలి ఎలా కొడుతుందో! బేస్ అంటే ఇదండీ."

"నేను ఫ్యాన్ కొనడానికి రాలేదు" అన్నాను. "నా పెన్ డ్రైవ్ పెట్టండి."

పెట్టాడు. కాపిన డప్పు: ధమ్మ్. చల్లారిన డప్పు: ధమ్మ్. రంధ్రం లోంచి గాలి ఒకే శ్రుతిలో ఊదుతోంది, కింద ఏది వచ్చినా దాన్ని తన స్వరంలోకే మార్చుకుంటోంది. వచ్చిన ప్రతివాడికీ ఒకే పలకరింపు పలికే మనిషిలా.

"రెండూ ఒకటే పాట కదండీ?" అన్నాడాయన.

"కాదు."

ఇంకో జత పెట్టాడు, ఇంకోటి పెట్టాడు. పక్కనే కింద పెట్టే సబ్ వూఫరు కూడా తెచ్చి కలిపాడు. దాంతో గుండెల్లో దడ వచ్చింది గాని డప్పు రాలేదు. ఆయనకు ఓపిక తగ్గుతోంది. వచ్చిన వేరే గిరాకీని కూర్చోబెట్టి నా వైపు చూసి, "పోనీ మీరే చెప్పండి, ఎలాంటిది కావాలో" అన్నాడు. మూలన, అట్టపెట్టెల వెనక, దుమ్ము పట్టిన నల్ల జత ఒకటి కనబడింది. ముందూ వెనకా ఎక్కడా రంధ్రం లేదు. పూర్తిగా మూసిన పెట్టె.

"అవి పెట్టండి."

"అవి వద్దండీ. ఎవరూ తీసుకోవట్లేదు. చప్పగా ఉంటాయి. బరువు చూస్తే బస్తా."

"పెట్టండి."

పెట్టాడు. షట్టరు అదరలేదు. గిరాకీలో ఒకడు "ఆన్ అయిందా?" అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. మొదటి ముక్కలో దెబ్బ పడింది, వెంటనే ఆగింది. మంటకు బిగిసిన తోలు మీద పడ్డ దెబ్బ ఎలా ఆగుతుందో అలా. రెండో ముక్కలో దెబ్బ పడ్డాక శబ్దం కొంచెం కిందికి జారి, బద్ధకంగా తోక ఊపి, అప్పుడు పోయింది. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ అదే. చిన్నప్పుడు పక్క మీద పడుకుని వడ్లు పడుతున్న మిషనును, ఉత్త మిషనును వేరు చేసిన చెవి ఆ క్షణాన లేచి కూర్చుంది.

"ఇవే" అన్నాను.

దుకాణదారు కరపత్రం తీసి చూపించాడు. అంకెల ప్రకారం ఎనిమిది అంగుళాలవే ఇంకా కిందికి వెళ్తాయట. వెళ్తాయేమో. కిందికి వెళ్ళి అక్కడ ఏముందో చెప్పలేకపోతే వెళ్ళి ఏం లాభం? ఆ మాటే అన్నాను. ఆయన కరపత్రం మడిచి, "మీరు ఎవరి తాలూకండీ?" అని అడిగాడు. చెప్పాను. మిల్లు పేరు వినగానే గొంతు మారింది.

"అయ్యో, మా నాన్న మీ తాతగారి మిల్లుకు వడ్లు తోలేవాడండీ. తూకంలో గింజ తేడా రాదనేవాడు."

"నా గదిలో విన్నాకే కొంటాను" అన్నాను. "మా బావ కూతురి పెళ్ళి అయ్యాక సొమ్మైనా వస్తుంది, స్పీకర్లైనా వస్తాయి."

"తీసుకెళ్ళండి. ఆ ఇంటి మాట చాలండీ నాకు."

మా తాత చనిపోయి చాలా కాలమైంది. ఆయన తూకం ఆ రోజు కూడా చెల్లింది. ఆటోలో ఆ రెండు పెట్టెల మధ్య నిటారుగా కూర్చుని బస్టాండుకు వెళ్ళాను.

స్పీకర్లు మంచివైతే పని అయిపోదు. గది కూడా మాట్లాడుతుంది. మలిగీలో పెట్టి అడుగు స్వరాలను ఒక్కొక్కటిగా దించుతూ విన్నాను. ఒక స్వరం దగ్గర గది మొత్తం ఊగింది, దాని పక్క స్వరం దగ్గర అసలు శబ్దమే లేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్తే లేదనుకున్నది అక్కడ కుప్పలా ఉంది. నేనిన్నాళ్ళూ కూర్చున్న చోటు సరిగ్గా గది నడిమధ్య. అడుగు శబ్దం ఎగిరిపోయే చోటు అదే. కుర్చీ వెనక్కి జరిపాను, స్పీకర్లను గోడ నుంచి ముందుకు తెచ్చాను. చాలావరకు కుదిరింది. మూలలు, షట్టరు మాత్రం మొండికేశాయి. మూలల్లో పేరుకునే శబ్దాన్ని మింగడానికి మందంగా, లోపల గాలి ఆడేదేదైనా పెట్టాలి. బయట అమ్మే ఫోమ్ పలకలు సన్నవి, అవి కీచు శబ్దాన్ని ఆపుతాయి గాని అడుగు శబ్దానికి అడ్డమే కావు. మా ప్రాంతంలో మందంగా, వదులుగా, కావలసినంత దొరికేది ఒకటే ఉంది. వరి ఊక.

ఊక కోసం మిర్యాలగూడ వెళ్ళాను. ఏ మిల్లులోనైనా దొరుకుతుంది. కాని మా బావ మిల్లుకే వెళ్ళాను. మొహం చాటేసుకుని పక్క మిల్లుకు పోవడం నాకు చేతకాదు.

బావ గేటు దగ్గరే కనబడ్డాడు. "ఆ, వచ్చినవా! కుర్సీ తుడిపిస్త ఆగు."

"ఊక కోసం వచ్చాను బావా. బస్తాల్లో నింపించు."

"ఊకనా? బర్లను కొన్నవా ఏంది?"

"స్టూడియోలో మూలలకు పెట్టాలి."

అతను నవ్విన నవ్వుకు హమాలీలు కూడా పని ఆపి చూశారు. "సూడుండ్రా, మా బామ్మర్ది పాటలకు ఊక తినిపిస్తడట! అరే, గీ ముచ్చట పెండ్లిల చెప్తే కడుపుబ్బ నవ్వుతరు."

"చెప్పు. ధర చెప్పు ముందు."

"ఊకకు నీ కాడ పైసలు తీసుకుంటనా? ఎన్ని గావాల్నో అన్ని తీస్కపో."

"ఊరికే తీసుకోను."

ఇద్దరం పంతానికి పోయాం. చివరికి కాంటా మీద తూయించి, అందరి ముందు డబ్బు ఇచ్చి, చీటీ రాయించుకున్నాను. అద్దాల గది ఖాళీగానే ఉంది, ఏసీ కూడా పెట్టించాడు. ఆ వైపు ఒకసారి చూసి, ట్రాలీ ఎక్కాను.

సూర్యాపేటలో ఆ బస్తాలను రెండు మూలల్లోనూ పై కప్పు దాకా పేర్చాను. షట్టరు ముందు నాలుగో గోడలా కట్టాను, లోపలికి రావడానికి మనిషి పట్టేంత సందు వదిలి. పైన కంబళ్ళు కప్పాను. గదిలో కొత్త మిల్లు వాసన వచ్చింది. పాట పెట్టాను. షట్టరు కిక్కురుమనలేదు. దాని నోరు మూయించిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను మా ఊళ్ళో.

టీచరమ్మ వచ్చి బస్తాల సందులోంచి పక్కకు తిరిగి లోపలికి దూరింది. "ఇదేంది సార్, స్టూడియోనా, గోదామా?"

"కూర్చోండి. ఏదీ చెప్పను, వినండి."

రెండు ముక్కలూ పెట్టాను. ఆమె గోడ వైపు తిరిగి విన్నది. మొదటిది అవుతుండగానే వేలెత్తింది. "ఇది కాపినంక." రెండోది మొదలవగానే మొహం చిట్లించింది. "ఇది సల్లారినంక. అన్న కోపంగ కొట్టిండు, గది గూడ తెలుస్తుంది."

ఆ రోజే పాట మిక్సింగ్ మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఈసారి పెంచాల్సిన పని పెద్దగా రాలేదు, తీసేయాల్సిందే ఎక్కువ. కీబోర్డు అడుగున అనవసరంగా ఉన్న ముద్దను తీసేస్తుంటే, డప్పు తనంత తానే పైకి వచ్చింది. ఆమె గొంతుకూ దానికీ మధ్య చోటు ఏర్పడింది. పూర్తయ్యాక టీచరమ్మ, "పెండ్లిల ఇంట" అని మాత్రం అని వెళ్ళింది.

ఎదుర్కోలు పగటి పూటే జరిగింది. మగపెళ్ళివారు ఆంధ్ర వైపు నుంచి రెండు బస్సుల్లో వచ్చి, ఫంక్షన్ హాలుకు కొంచెం దూరంలో దిగారు. వాళ్ళు తమ వెంట డప్పుల వాళ్ళను తెచ్చుకున్నారు. మా వైపు నుంచి బావ పెట్టించిన డీజే బండి. మనిషి ఎత్తు పెట్టెలు, వెనక జనరేటరు. దారికి రెండు వైపులా మా బంధువర్గం మొత్తం నిలబడింది. అన్న మాట ప్రకారం బావ ఊక సంగతి అందరికీ చెప్పి ఉన్నాడు. "ఏమయ్యా, ఊక మంచిగ పని చేస్తుందా?" అని ఒక పెద్దాయన నా భుజం తట్టి అడిగాడు. "కాసేపట్లో మీరే వింటారు" అన్నాను. టీచరమ్మ గొడుగు వేసుకుని దారి అవతల నిలబడింది.

ముందు నాలుగైదు పాటలు వేశారు. నాకు తెలిసిన స్టూడియోల పాటలే. పెట్టెలు గుమ్ముగుమ్ముమన్నాయి. కుర్రాళ్ళు ఎగిరారు, ముసలివాళ్ళు చెవులు మూసుకున్నారు. మగపెళ్ళివారి డప్పుల వాళ్ళు డప్పులను తొడలకు ఆనించుకుని పక్కన నిలబడ్డారు. పెట్టెల్లో మోగేది ఏ వరసో వాళ్ళకు తెలియడం లేదు. కలిసి వాయించడానికి పట్టు లేదు, పోటీకి వాయిస్తే వినబడదు.

బావ మైకు తీసుకున్నాడు. "ఇప్పుడు మా బామ్మర్ది పాట. జర దూరం నిలబడుండ్రి, ఊక రాల్తది!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు పూర్తికాకముందే పాట మొదలైంది.

మొదట డప్పు ఒక్కటే ఉంటుంది. ఆ పెట్టెల్లోంచి అది పడి, ఆగింది. పడి, ఆగింది. మధ్యలో ఖాళీ వినబడింది. అప్పటి దాకా ఆ దారి మీద ఖాళీ అన్నదే లేదు. తర్వాత టీచరమ్మ గొంతు ఆ ఖాళీలో నిలబడి ఎత్తుకుంది. ప్రతి మాటా తెలిసింది. నాటు మడిలో వంగిన నడుముల మాట వచ్చేసరికి చెవులు మూసుకున్న ఆడవాళ్ళు చేతులు దించారు.

నేను జనాన్ని చూడడం లేదు. అవతలి డప్పుల వాళ్ళను చూస్తున్నాను. వాళ్ళకు నేనెవరో తెలియదు, ఈ పాట తెలియదు, మా ఊరు తెలియదు. వాళ్ళలో నడివయసు మనిషి తల పక్కకు వంచి విన్నాడు. డప్పును తొడ మీది నుంచి ఎత్తి భుజానికి తగిలించుకున్నాడు. చేతిలోని సన్న పుల్లతో అంచు మీద మెల్లగా వరస పట్టి చూసుకున్నాడు. తర్వాత పెద్ద పుల్ల దింపాడు. పెట్టెల్లోని దెబ్బ మీద అతని దెబ్బ సరిగ్గా కూర్చుంది. పక్కవాడు అందుకున్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఏది పెట్టెల్లోనిదో, ఏది వాళ్ళ చేతిలోనిదో ఎవరికీ తెలియలేదు. డీజే కుర్రవాడు బెదిరి శబ్దం తగ్గించబోతే నేను వెళ్ళి అతని చేయి పట్టుకున్నాను. వియ్యపురాలు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని అడుగు వేసింది. ఆమె వెనక మా ఆడవాళ్ళు వేశారు. ఎదుర్కోలు పళ్ళేలు పట్టుకున్నవాళ్ళు వాటిని ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూస్తున్నారు.

పాట అయిపోయింది. నడివయసు డప్పు మనిషి గట్టిగా అరిచాడు. "మళ్ళీ వెయ్యండీ అదే!"

మళ్ళీ వేశారు. ఆ తర్వాత వేరే పాట వేయనివ్వలేదు. ముహూర్తం దాటుతోందని పంతులు మనిషిని పంపించేదాకా ఆ దారి మీద అదే పాట.

టీచరమ్మ గొడుగు మడిచి నా దగ్గరికి వచ్చింది. "మా అన్నలే వచ్చిండ్రేమోనని రెండు సార్లు ఎనకకు మర్రి సూసిన సార్" అంది. ఆ తర్వాత, "పై వారం బడికి సెలవులు. నాలుగు పాటలు తయారున్నయ్. గోదాము ఖాళీగ పెట్టుండ్రి."

భోజనాల దగ్గర బావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కాంటా మాట తేలేదు. కాసేపు అన్నం కలుపుకుని, "ఆ డబ్బాలకు బొక్క లేదట కద. మరి సప్పుడు యాడికెల్లి వస్తది?" అని అడిగాడు. చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. లేచేటప్పుడు వాళ్ళ వియ్యంకుడితో నన్ను చూపించి, గొంతు తగ్గించకుండా, "పాట చేసింది ఈనే. సూర్యాపేటల స్టూడియో ఉన్నది" అన్నాడు. స్టూడియో అన్నాడు. సౌండ్ లైన్ అనలేదు.

ఆ నెలలోనే మా కాంప్లెక్సులో అవతలి స్టూడియో వాడు షట్టరుకు పరుపులు కట్టాడు. ఇంకొకడు నేరుగా నా దగ్గరికి వచ్చి ఊక ఏ మిల్లుదని అడిగాడు. చెప్పాను, తూయించుకుని డబ్బిచ్చి తెచ్చుకొమ్మన్నాను. కాంటా గదిలోకి ఎవరో వేరే మనిషిని పెట్టుకున్నారని విన్నాను.

కోదాడ దుకాణానికి స్పీకర్లు వెనక్కి వెళ్ళలేదు, సొమ్మే వెళ్ళింది. దానికోసం నేరేడుచర్ల దగ్గర మా పేర మిగిలిన నాలుగు గుంటల పొలం అమ్మాను. కొన్నది మా బావ.